చిలకపచ్చ మోటరు

నా మొగుడి కాలు తీసిన పడవకు నల్ల మోటరు ఉండేది. దాని జత పడవకూ నల్ల మోటరే. అందుకని నా మొగుడి కాలు ఎవరూ తీయలేదని లోకం తేల్చేసింది.

మాది గండిపేట చెరువు మీద బతికే ఇల్లు. నేను పుట్టింది ఎంకపల్లిలో, కాపురానికి వచ్చింది చెరువుకు మొయినాబాద్ దిక్కున్న ఒడ్డుకి. నేను చెప్పబోయేది రెండో ప్రపంచ యుద్ధం ఇంకా మొదలుకాని రోజుల సంగతి. అక్షరాలు నేర్చుకున్నది ఆ తర్వాత చాలా ఏళ్లకు, నా బిడ్డ పలక మీద. పేరు రాయడం వచ్చిన రోజే అనుకున్నాను, రాస్తే ముందు ఈ సంగతే రాయాలని. వయసు మీద పడితే పగ దానంతట అదే చల్లారుతుందని మా అత్త అనేది. నాకైతే చల్లారలేదు. చల్లారాలని నేను కోరుకోనూ లేదు.

మా గుడిసెలకు కొంచెం ఎగువన దొరల బంగ్లా ఉండేది. అన్నదమ్ములిద్దరు. పెద్ద దొర చిటపటలాడే మనిషి, నోరు తెరిస్తే తిట్టు. చిన్న దొర నెమ్మదస్తుడు. ఎదురుపడితే “మంచిగున్నరా?” అని అడిగి, జవాబు వినేదాకా ఆగేవాడు. ఇద్దరి మీదా పెత్తనం వాళ్ల తల్లిది. మేమంతా ఆమెను దొరసాని అనేవాళ్లం. మొగుడు పోయాక పొలాలూ, కొడుకులూ, కోడళ్లూ అన్నీ ఆమె మాట మీదే నడిచేవి.

అన్నదమ్ములిద్దరికీ చెరువు మీద తిరిగే సరదా పట్టింది. ఒకే వడ్రంగి చేత రెండు పడవలు చేయించారు. వాటి వెనక తగిలించడానికి రెండు మోటర్లు తెప్పించారు. పడవలు ఒక్క తీరు, మోటర్లు ఒక్క తీరు, ఇద్దరి నెత్తిన టోపీలు కూడా ఒక్క తీరే. ఒడ్డున నిలబడి చూస్తే ఎవరు ఎవరో కన్నతల్లికి కూడా తెలిసేది కాదు.

ఆ రోజు పొద్దున మా ఆయన తెప్ప మీద నిలబడి వల ఎత్తుతున్నాడు. వల ఉన్నచోట గుర్తుగా నీళ్ల మీద తెల్లటి బెండ్లు తేలుతుంటాయి. కళ్లున్న ప్రతివాడికీ అవి కనిపిస్తాయి. వెనక నుంచి మోటరు చప్పుడు వినబడింది. బెండ్ల దగ్గరికి రాగానే ఆ చప్పుడు తగ్గింది. పడవవాడు బెండ్లు చూశాడు, ఇక పక్కకు తిప్పుతాడు అనుకుని మా ఆయన తల కూడా తిప్పలేదు. తగ్గిన చప్పుడు ఒక్కసారిగా పెరిగింది. పడవ బెండ్ల మీదుగా దూకింది. తెప్ప తిరగబడింది. మా ఆయన నీళ్లలో పడ్డాడు. నీళ్లలో గిర్రున తిరిగే మోటరు ఇనుప రెక్కలు ఆయన కాలి మీదుగా పోయాయి. పైకి తేలి చూసేసరికి దూరమవుతున్న నల్ల మోటరు ఒక్కటే కనిపించింది.

పక్క తెప్పల వాళ్లు ఒడ్డుకు లాక్కొచ్చారు. ఎద్దుల బండిలో వేసుకుని దవాఖానకు పోయాం. ప్రాణం దక్కింది. మోకాలి కింద కాలు తీసేశారు.

ఆ తగ్గి పెరిగిన చప్పుడు దగ్గరే నా పగ మొదలైంది. చూడక తగిలించి ఉంటే, మన రాత ఇంతేనని ఏడ్చి ఊరుకునేదాన్ని. వాడు చూశాడు. చూసి పెంచాడు. వల మీదుగా దూకితే మేము ఎట్లా బెదురుతామో చూడటం వాడికి ఆట. కాలికి కాలు అడిగేంత బలం నాకు లేదని తెలుసు. కానీ వాడెవడో తెలియాలి. తెలిశాక పదిమందిలో వాడి మొహం చూడాలి. నేను అడిగింది అంతే.

పోలీసు ఠాణా నుంచి అమీన్ సాబ్ గుర్రం మీద వచ్చాడు. మా ఆయన మంచం పక్కన నిలబడి అడిగాడు.

“మొగం చూసినవా?”

“లేదు సాబ్. వెనక మోటరు చూసిన. నల్లది.”

“రెండూ నల్లయే గదా?”

“అవు సాబ్.”

ఆ పొద్దున రెండు పడవలూ నీళ్ల మీదే ఉన్నాయి. బంగ్లాలో అడిగితే పెద్ద దొర, “నేను గాదు. మా తమ్ముడేమైన అటు పోయిండో, వాన్నే అడుగు” అన్నాడట. చిన్న దొర, “నేను ఆ దిక్కే పోలే. అన్ననేమో” అన్నాడట. ఒకరు ఇంకొకరి మీదికి నెట్టుకున్నాక అమీన్ సాబ్‌కు పట్టుకోవడానికి ఎవరూ మిగల్లేదు. “పోయిన కాలు ఎట్లనన్న రాదు. ఎవలని పట్టుకోవాలె చెప్పు?” అని ఆయన మమ్మల్నే అడిగి గుర్రమెక్కాడు.

నేను మాత్రం పెద్ద దొరే అనుకున్నాను. తిట్టే నోరు, కస్సుమనే మొహం, ఇంకేం కావాలి? ఆయన కనబడితే చాలు, లోపల సలసల కాగిపోయేదాన్ని.

మా ఆయన లేచి తిరగలేని ఆ రోజుల్లో మా ఇంటికి జొన్నల బస్తా రావడం మొదలైంది. నెలనెలా బంగ్లా జీతగాడు మోసుకొచ్చి గుమ్మంలో దించేవాడు. ఎవరు పంపారని అడిగితే, “గడప దాటి చెప్పొద్దన్నరు. బంగ్లాల గుడ ఈ మాట ఎత్తకు. ఎత్తితే బంద్ అయితది” అన్నాడు. ఇంకెవరు పంపుతారు, దొరసానే అనుకున్నాను. ఆమెకు ఆ అలవాటు ఉంది. చిల్కూరు గుడికి పోయినప్పుడు దారిలో ముసలీ ముతకా చేతుల్లో గింజలు పోసి, దండం పెట్టేలోగా నడిచిపోయేది. చేసిన దానం నోటికొస్తే పుణ్యం పోతుందని ఆమె నమ్మకం. అందుకని నేనూ నోరెత్తలేదు. నోరెత్తకుండానే ఆమె రుణం తీర్చుకుందామని బంగ్లాలో పనికి కుదిరాను. చేపలు శుభ్రం చేయడం, అంట్లు తోమడం, దొరసాని మోకాళ్లకు నూనె రాయడం నా పని. ఇంకో కారణం కూడా ఉంది. శత్రువు ఇంట్లో ఉంటే శత్రువు సంగతి తెలుస్తుంది.

కొంతకాలానికి పాత మోటర్లు మొరాయించాయి. బొంబాయి నుంచి కొత్తవి వచ్చాయి. దసరా దగ్గర పడుతున్న రోజులవి. బంగ్లా వరండాలో చెక్కపెట్టెలు పగలగొట్టి, గడ్డి లాగేసి, మోటర్లను బల్ల మీద నిలబెట్టారు. ఎవరి ఇష్టం వచ్చిన రంగు వాళ్లు వేసుకోవాలని చేసినవాళ్లు అడుగున అస్తరు మాత్రం పూసి పంపారట. బూడిద పూసుకున్న బైరాగుల్లా ఉన్నాయి రెండూ. మొయినాబాద్‌లో బండ్లకూ జట్కాలకూ రంగులు వేసే ఆయనను పిలిపించారు. దసరాకు ఆయుధ పూజలో పెట్టాలి కాబట్టి ఆలోగా పని అయిపోవాలి.

వరండా చివర కూచుని నేను చేపలు తోముతున్నాను. చెవులు మాత్రం బల్ల దగ్గరే ఉన్నాయి.

“నలుపే ఎయ్యి. నూనె మరకలు కనబడయి,” అన్నాడు పెద్ద దొర.

“అవు, రెండిటికీ నలుపే,” అన్నాడు చిన్న దొర. “అన్నదమ్ములం. ఒక్క తీరుంటేనే ముచ్చటగుంటది.”

రంగులాయన నల్ల డబ్బా మూత తీశాడు. నా చేతిలో చేప జారి గంపలో పడింది. మళ్లీ నలుపు! మళ్లీ అవే రెండు పడవలు, అవే రెండు టోపీలు, మళ్లీ ఎవడో ఒకడి కాలు, మళ్లీ “ఎవలని పట్టుకోవాలె?” లేచి ఆ డబ్బాను తన్నేద్దామనిపించింది. తన్నేంత దమ్ము నాకెక్కడిది? కుక్కిన పేనులా కూచున్నాను.

కాగల కార్యం గంధర్వులే తీర్చారు. లోపలి నుంచి దొరసాని వచ్చింది. నల్ల డబ్బా చూసి ముక్కు మీద వేలేసుకుంది.

“పండుగ పూట అమ్మవారి ముందర నల్లటిది పెడ్తర్రా? బుద్ధి ఉన్నదా మీకు? నా ఇంట్ల పూజకు నలుపు రానియ్య.”

ఆమె అంటే అయిపోయినట్టే. రంగులాయన మూత పెట్టేశాడు. పెద్ద దొర గొణుక్కుని, అయితే నీలం వేయమన్నాడు. చిన్న దొర వెంటనే, “నీలమే మంచిది. రెండిటికీ నీలం” అన్నాడు. ఆ రోజుకు నీలం డబ్బాలు తేలేదని, మర్నాడు తెస్తానని రంగులాయన వెళ్లిపోయాడు.

నలుపు పోయి నీలం వస్తే నాకేం ఒరిగింది? రెండూ ఒకటే రంగైతే, అది నలుపైనా నీలమైనా నాకు ఒకటే. రెండు రంగులు కావాలి. ఆ మాట నేనంటే, రంగుల గొడవ నీకెందుకే అంటారు. అనాల్సినవాళ్ల చేత అనిపించాలి.

ఆ మధ్యాహ్నం దొరసాని మోకాళ్లకు నూనె రాస్తూ మెల్లగా ఎత్తాను.

“నీలం మంచిదేనమ్మా. కాకపోతే నీళ్లల్ల నీలం కలిసిపోతది.”

“కలిస్తే ఏమైతదే?”

“ఏం గాదమ్మా. మీరు గుడికి పొయ్యొచ్చి కట్ట మీద నిలబడి చూస్తరు గద, కొడుకులు ఎక్కడున్నరో అని. రెండు పడవలు ఒక్క తీరుంటే, గాలి లేసిన దినం ఏ కొడుకు ఏ దిక్కున్నడో తల్లికి ఎట్ల తెలుస్తది?”

దొరసాని మోకాలు నా చేతిలో ఉంది కాబట్టి తెలిసింది, ఆమె ఒళ్లు బిగుసుకుంది. ఆమెకు నీళ్లంటే భయం. కొడుకులు పడవెక్కిన రోజు వాళ్లు తిరిగి వచ్చేదాకా అన్నం ముట్టేది కాదు.

“తెలువాలె గదనే,” అంది.

ఇక కోడళ్లు. తోడికోడళ్ల మధ్య పుల్ల పెట్టడానికి పెద్ద తెలివి అక్కర్లేదు, పుల్ల ఉంటే చాలు. పెద్ద కోడలి గదిలో బట్టలు మడత పెడుతూ, “ఒడ్డు మీద జనానికి ఏం తెల్వదమ్మా. ఏ పడవ పోయినా చిన్న దొర పడవ అంటరు” అన్నాను. ఆమె చేతిలోని అద్దం కిందికి దిగింది. అదే మాటను తిరగేసి చిన్న కోడలి దగ్గర చెప్పాను: ఏ పడవ పోయినా పెద్ద దొర పడవ అంటరు. ఆమె మూతి ముడుచుకుంది. అబద్ధమేం కాదు. జనం రెండూ అనేవాళ్లు.

మర్నాడు రంగులాయన వచ్చేసరికి నీలం మాట ఎత్తేవాళ్లు లేరు. దొరసాని గడపలో కుర్చీ వేయించుకుని కూచుని, “ఒకదానికొక రంగు, ఇంకోదానికి ఇంకో రంగు ఎయ్యి. కట్ట మీదికెల్లి కనబడాలె” అంది. రంగులాయన ఒక చెక్క తీసి, తన దగ్గరున్న రంగులన్నీ పక్కపక్కన వేలితో పూశాడు. పసుపు, నారింజ, ఎరుపు, పచ్చ. కోడళ్లిద్దరూ తలుపు చాటు నుంచి తొంగి చూశారు. పెద్ద కోడలు ఎరుపు కావాలంది, కుంకుమ రంగు శుభమని. చిన్న కోడలికి తన పెళ్లి చీర రంగు గుర్తొచ్చింది. చిలకపచ్చ.

“గీ పచ్చ ఏంది? తోటల చిలక లెక్క,” అన్నాడు చిన్న దొర. “అమ్మా, అంతగనం కావాలంటే రెండిటికీ ఎరుపే ఏద్దాం తియ్.”

“అక్క మోటరూ నా మోటరూ ఒక్కటేనా?” అంది చిన్న కోడలు లోపలి నుంచి. దాంతో రంగులాయన పచ్చ డబ్బా మూత తీశాడు.

నలుపన్నా, నీలమన్నా, ఎరుపన్నా, ఆ మనిషి నోట ‘రెండిటికీ’ అన్న మాట మాత్రం పోలేదు. అది నా చెవిలో పడింది కానీ బుర్రకెక్కలేదు. బుర్ర నిండా పెద్ద దొరే ఉన్నాడు మరి.

రంగులాయన పని తీరుబడిగా, ముచ్చటగా చేశాడు. ఒక పూత వేసి, ఆరనిచ్చి, మెత్తటి ఇసుక కాగితంతో రుద్ది మళ్లీ పూత వేశాడు. ఎండలో పెడితే రెండూ కళ్లు చెదిరేలా మెరిశాయి. పోతూ పోతూ డబ్బా అడుగున మిగిలిన పచ్చ రంగు పారబోయబోతే, మా దర్వాజకు వేసుకుంటానని అడిగాను. “తీస్కో అక్క. పైన జర అవిసె నూనె పోసి మూత బిగించు, గడ్డకట్టది” అని ఇచ్చాడు. ఇంటికి తెచ్చి ఆయన చెప్పినట్టే చేసి అటక మీద పెట్టాను. నిజంగా దర్వాజ కోసమే తెచ్చాను. ఆ రంగుకు వేరే పని రాసిపెట్టి ఉందని అప్పటికి నాకు తెలియదు.

దసరా రోజు మోటర్లకు బొట్లు పెట్టి బంతిపూల దండలు వేశారు. దండలు గుచ్చింది నేనే. ఎర్ర మోటరు దగ్గర నిలబడి, ‘ఇగ దొరుకుతవు బిడ్డా’ అనుకున్నాను మనసులో.

అప్పటి నుంచి మా ఆయన కాపలా మొదలైంది. చంక కర్ర పక్కన పెట్టుకుని, ఒడ్డున రాయి మీద కూచుని వలదారం పేనుతూ ఉండేవాడు. కళ్లు దారం మీద, చెవులు నీళ్ల మీద. వెనకటి రెండు మోటర్లలో ఏది ఎవరిదో చెప్పలేకపోయాడు కానీ, ఆ తగ్గి పెరిగిన చప్పుడు మాత్రం ఆయన చెవిలోంచి పోలేదు. నిద్రలో కూడా వినబడేదట. ఆ ఆట అలవాటున్నవాడు ఎన్నాళ్లో ఆగలేడు, మళ్లీ ఆడతాడు, అప్పుడు చూద్దాం అనేవాడు.

ఎర్ర మోటరు వచ్చినప్పుడల్లా నేను చేతిలో పని వదిలేసి పరుగెత్తేదాన్ని. పెద్ద దొర బెండ్లకు దూరం నుంచే, “పక్కకు జరుగుండ్రిరా, సస్తరు!” అని చెరువంతా వినబడేలా అరిచి, అంత దూరం నుంచే పడవ తిప్పేసేవాడు. చలికాలమంతా అదే. చూసి చూసి నాకు విసుగు పుట్టింది. ఓర్చినమ్మకు తేటనీరు అంటూ మా ఆయన నవ్వేవాడు.

ఎండలు ముదిరాక ఒక పొద్దున నేను గిన్నెలు తోముతుంటే మా ఆయన కేక వేశాడు. పోయి చూస్తే చేతిలోని దారం కింద పడి ఉంది. నీళ్ల వైపు వేలు చూపిస్తున్నాడు.

“ఇదే. గదే చప్పుడు. తగ్గించిండు, పెంచిండు.”

“ఎర్రదేనా?”

“కండ్లు పెట్టి చూడు.”

పక్కవాళ్ల వల బెండ్లు రెండు పాయలై చెల్లాచెదురుగా తేలుతున్నాయి. వాటి అవతల, ఎండలో తళతళలాడుతూ, చిలకపచ్చ మోటరు పోతోంది. చిన్న దొర వెనక్కి తిరిగి తెగిన వల వైపు చూసి నవ్వుతున్నాడు. ఎవరెదురైనా మంచిగున్నరా అని అడిగే మనిషి!

ఒక్కసారితో నమ్మలేదు మేము. తర్వాత ఎన్నోసార్లు చూశాం. ఎర్రది ఏనాడూ బెండ్ల దగ్గరికి రాలేదు. పచ్చది వచ్చిన ప్రతిసారీ అదే ఆట. ఇన్నాళ్లూ పెద్ద దొరను మనసులో తిట్టుకున్నందుకు నాకు బాధేమీ కలగలేదు. ఆయన నోటికి ఆ తిట్లు సరిపోతాయి. చిన్న దొర నవ్వును మాత్రం నేను ఈ రోజుకీ మరిచిపోలేదు.

“అమీన్ సాబ్ కాడికి పోదాం,” అన్నాను.

“పోయి ఏం చెప్తవు? చప్పుడును సాక్ష్యం తీస్కపోతవా?” అన్నాడు మా ఆయన.

నిజమే. చప్పుడును ఎవరు నమ్ముతారు? అప్పుడే అటక మీది డబ్బా గుర్తొచ్చింది. దించి మూత తీస్తే, పైన నూనె తేలి, అడుగున రంగు నిగనిగలాడుతూ ఉంది. పుల్లతో కలిపాను. మా ఆయన చంక కర్రను వాకిట్లో ఎండలో పడుకోబెట్టి, పై నుంచి కింది దాకా చిలకపచ్చ పూశాను. రంగులాయన చేసినట్టే ఆరనిచ్చి, రుద్ది, ఇంకో పూత కూడా వేశాను. అంత ప్రేమగా నేను నా ఇంటి గడపకు కూడా ఎన్నడూ పూయలేదు.

“ఏందే ఇది? నేను చిలకను పట్టుకొని తిరగాల్నా?” అన్నాడు ఆయన.

“తిరుగు. ఎవలన్న అడిగితే దొరల మోటరుకు ఏసిన రంగే అని చెప్పు. అంతకంటె ఒక్క మాట ఎక్కువ అనకు.”

ఆయన అట్లాగే తిరిగాడు. చూసినవాళ్లు నవ్వారు, అడిగారు, జవాబు విని నవ్వడం ఆపారు. ఒడ్డున ఒకరు, మొయినాబాద్ అంగట్లో ఇంకొకరు, బండ్ల మీద చేవెళ్ల దిక్కు పోయేవాళ్లు వేరొకరు. చాప కింద నీరులా పాకింది. ఎవరూ పైకి ఒక్క మాట అనలేదు. చిన్న దొర పడవ మా ఒడ్డు వైపు రావడం తగ్గింది. ఒకసారి బంగ్లా గేటు దగ్గర మా ఆయన ఎదురైతే, మంచిగున్నవా అని అడక్కుండానే లోపలికి పోయాడట. విచిత్రమేమంటే, ఆ రోజుల్లోనే జొన్నల బస్తా ఇంకా బరువుగా రావడం మొదలైంది. దొరసాని మనసు వయసుతో పాటు మెత్తబడుతోందని అనుకున్నాను. వండుకుని తిన్నాం.

మళ్లీ దసరా వచ్చింది. మా దిక్కున ఆ రోజు జమ్మి ఆకును బంగారం అంటారు. చిన్నవాళ్లు పెద్దవాళ్ల చేతిలో బంగారం పెట్టి కాళ్లు మొక్కాలి. ఏడాదంతా కొట్టుకున్నవాళ్లు కూడా ఆ పూట బంగారం ఇచ్చుకుని అలయ్ బలయ్ అంటూ కౌగిలించుకుంటారు. ఇవ్వకపోవడమంటే, నువ్వు నాకు మనిషివే కాదని పదిమందిలో చెప్పడం. దొర చేతిలో బంగారం పెట్టని మనిషిని మా ఒడ్డున ఎవరూ చూసి ఉండలేదు.

బంగ్లా వరండాలో దొరసాని కుర్చీలో కూచుంది. పక్కన పెద్ద దొర, ఆ పక్కన చిన్న దొర. కోడళ్లు వెనక నిలబడ్డారు. అరుగు మీద రెండు మోటర్లు, ఎర్రదీ పచ్చదీ, దండలు వేసుకుని పూజలో ఉన్నాయి. మేమంతా వరసలో వచ్చాం. నా వెనక మా ఆయన పచ్చ కర్ర టకటకలాడించుకుంటూ వచ్చాడు.

దొరసాని చేతిలో బంగారం పెట్టి కాళ్లు మొక్కాను. ఆ మొక్కు మనసారా మొక్కాను. పెద్ద దొర చేతిలో పెట్టాను. “ఊఁ, మంచిగుండు” అని గసిరినట్టే దీవించాడు. చిన్న దొర చెయ్యి చాపాడు. నేను ఆ చెయ్యి ముందు నుంచి నడిచి పక్కకు పోయాను. నా వెనక మా ఆయన వచ్చి సరిగ్గా ఆయన ముందు ఆగాడు. చంక కర్రను ఇద్దరి మధ్యా నిలబెట్టి, చేతిలోని ఆకులను జేబులో వేసుకున్నాడు.

వరస ఆగిపోయింది. చిన్న దొర చెయ్యి గాలిలో అట్లాగే ఉంది.

“ఏందే, కండ్లు కనబడ్తలేవా?” అంది చిన్న కోడలు నాతో.

“కనబడుతున్నయమ్మా. రంగు గుడ మంచిగ కనబడుతున్నది,” అన్నాను.

జనమంతా ఒకసారి కర్ర వైపు, ఒకసారి అరుగు మీది మోటరు వైపు చూశారు. చిన్న దొర మొహం కందగడ్డలా అయింది.

“ఏం తక్కువ చేసిన మీకు?” అని అరిచాడు. “ఏం తక్కువ చేసిన? కాలు పోయిన కాడికెల్లి నెలనెలకు జొన్నలు పంపుతనే ఉన్న గద!”

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అడగని దానికి ఆయనే జవాబు చెప్పాడు. కాలు మాట మేము ఎత్తనే లేదు. నేను ఇన్నాళ్లూ చూడాలనుకున్న మొహం అదే. కళ్లారా చూశాను. చూస్తూనే, ఆయన అన్న రెండో మాట నాకు తగిలింది. జొన్నలు. ఇన్నాళ్లూ నేను రొట్టెలు చేసి మొగుడికి పెట్టింది, ఆ కాలు తీసినవాడి గింజలు.

దొరసాని కుర్చీలో ముందుకు వంగింది.

“ఏ జొన్నలురా?”

మూల నిలబడ్డ జీతగాడు తల వంచుకున్నాడు. పెద్ద దొర తమ్ముడి వైపు తిరిగి, “ఆ దినం నా మీదికి తోసినవు గదరా” అన్నాడు. నా ఎరుకలో ఆయన తిట్టు లేకుండా మాట్లాడింది ఆ ఒక్కసారే.

దొరసాని చాలాసేపు అరుగు మీది మోటర్ల వైపు చూసింది. నేను పెట్టిన బంగారం ఇంకా ఆమె గుప్పిట్లోనే ఉంది. చిన్న దొర వచ్చి కాళ్లు మొక్కబోతే కాళ్లు వెనక్కి తీసుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

“ఏ కొడుకు ఏ దిక్కున్నడో తల్లికి తెలువాలె అన్నవు గదనే,” అంది. “తెలిసింది.”

పచ్చ మోటరు ఆ తర్వాత నీళ్లలో దిగలేదు. ఇంట్లో ఉన్న జొన్నలన్నీ తీసుకుపోయి బంగ్లా మెట్ల మీద కుమ్మరించి వచ్చాను. పావురాలు తిన్నాయి. నేను మళ్లీ ఆ ఇంట్లో పనికి పోలేదు. ఇక కర్ర మీది ఆ రంగు గీకేయమని మా ఆయన ఎన్నోసార్లు అడిగాడు. గీకలేదు. వెలిసినప్పుడల్లా మొయినాబాద్ పోయి అదే పచ్చ తెచ్చి, ఆయన పోయేదాకా ఆ కర్రకు పూస్తూనే ఉన్నాను.